ఏఐకి డొంకరాయి తెలీదు... మా పిల్లలకి తెలుసు!

డొంకరాయి పేరు మీలో ఎంతమంది విన్నారో తెలీదు. కానీ మీ ఇంటికొచ్చే కరెంటులో మా ఊరి వాటా ఎంతో కొంత ఉండే ఉంటుంది. సీలేరు నది మీద మాకో డ్యామ్ ఉంది. దాని కిందే 25 మెగావాట్ల పవర్‌హౌస్. అక్కణ్నుంచి నీళ్లు కాలువలో కొండలు చుట్టుకుంటూ వెళ్లి, మోతుగూడెం దగ్గర పొల్లూరులో, దిగువ సీలేరు పవర్‌హౌస్‌లో మరో 460 మెగావాట్లు తీస్తాయి. పైన ఎగువ సీలేరుది 240. అన్నీ కలిపితే 725 మెగావాట్లు. చుట్టూ తూర్పు కనుమలు, అడవి, కొండరెడ్ల గూడేలు, కోయ ఊళ్లు. కరెంటు పుట్టే చోటే గానీ, సిగ్నల్ మాత్రం వెతుక్కోవాలి. ఒక మలుపు దగ్గర నాలుగు గీతలుంటాయి, పది అడుగులేస్తే ఒక్కటీ ఉండదు.

నేనిక్కడి కాలనీలోనే పెరిగా. కిందికెళ్లి ఇంజినీరింగ్ చేశా. ఇప్పుడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రోజూ ఏఐతో కోడ్ రాయించడం, అది రాసినదాన్ని సరిచూడ్డం... నా పనిలో సగం ఇదే.

నాతో చదువుకున్న ఓ ఫ్రెండ్ మా వైపు ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్. వాడు ఫోన్ చేసి, ‘ఒరేయ్, పిల్లలందరూ అసైన్‌మెంట్లు ఏఐతోనే రాసేస్తున్నారు. వద్దంటే వినరు. రాయమంటే నాకే మనసొప్పట్లేదు. నువ్వొచ్చి ఏదో ఒకటి చెప్పరా’ అన్నాడు. అలా మొదలైంది. సెలవు దొరికినప్పుడల్లా ఊరికొస్తున్నా, ఆ పిల్లలతో కూర్చుంటున్నా. అక్కడ నేను చూసిందే ఇది.

అమెరికాలో ‘కమ్యూనిటీ కాలేజీ’ అంటే ఇంటికి దగ్గర్లో, తక్కువ ఖర్చుతో, పని చేసుకుంటూ కూడా చదువుకునే రెండేళ్ల కాలేజీ. ఇలాంటి వాటి కోసం మన యూజీసీ 2013-14లో అదే పేరుతో ఓ పథకం తెచ్చింది. నన్నడిగితే మా ఏజెన్సీలో ఆ పని నిజంగా చేస్తున్నవి ప్రభుత్వ డిగ్రీ కాలేజీలే. డొంకరాయి పిల్లలు డిగ్రీ చదవాలంటే ఇటు చింతూరో, అటు చింతపల్లో, లేదంటే రంపచోడవరమో వెళ్లాలి. ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్టెక్కింది తామే అనేవాళ్లు వీళ్లలో చాలామంది. అందుకే ఏఐని క్లాసులోకి ఎలా తేవాలన్న ప్రశ్నకి హైదరాబాద్ జవాబు ఇక్కడ సరిపోదు.

రాత్రి పదకొండింటి ప్రశ్నలు

మొదటిరోజు ఒకటే అడిగా. ‘ఏఐ వాడనివాళ్లు చేతులెత్తండి.’ ఇద్దరే ఎత్తారు. ఇద్దరికీ సొంత ఫోన్ లేదు.

అసైన్‌మెంట్ల సంగతి పక్కనపెట్టి, ఇంకేం అడుగుతారని కదిపా. అప్పుడు నోళ్లు విప్పారు. స్కాలర్‌షిప్ ఫారంలో ఏం నింపాలి? బ్యాక్‌లాగ్ ఉంటే ఫైనల్ ఇయర్‌కి వెళ్లొచ్చా? ఇంగ్లిష్ పాఠంలో ఈ పేరాకి అర్థమేంటి? బీఏ చదివితే ఏ ఉద్యోగాలొస్తాయి? అన్నీ రాత్రి పూట, హాస్టల్లో దుప్పటి కప్పుకుని అడిగేవే.

‘ఇవన్నీ సార్‌నే అడగొచ్చుగా?’ అన్నా.

ఒకమ్మాయి తలొంచుకునే చెప్పింది. ‘సార్‌ని అడిగితే ఇది కూడా తెలీదా అనుకుంటారేమోనని భయమన్నా. ఇది ఏమీ అనుకోదు కదా.’

ఈ మాటని తేలిగ్గా తీసుకోలేకపోయా. ఎందుకంటే సరిగ్గా ఈ భయం మీదే పనిచేసిన కాలేజీ ఒకటుంది. అమెరికాలోని జార్జియా స్టేట్ యూనివర్సిటీలో సీటు వచ్చాక కూడా కొందరు పిల్లలు చేరకుండానే ఆగిపోయేవాళ్లు. ఎండాకాలంలో నింపాల్సిన ఫారాలు, ఫీజు సాయం, గడువులు... ఈ గందరగోళంలో దారి తప్పేవాళ్లు. 2016లో వాళ్లు ‘పౌన్స్’ అనే చాట్‌బాట్ పెట్టారు. ఏ టైముకైనా మెసేజ్ పెడితే జవాబిస్తుంది. అలా ఆగిపోయేవాళ్ల సంఖ్య దాదాపు 21 శాతం తగ్గింది. పౌన్స్ పాఠాలేం చెప్పలేదు. సిగ్గుపడకుండా అడిగే చోటు ఇచ్చిందంతే.

ఇంకోటి కూడా ఉంది. అది ఏది పడితే అది చెప్పే బాట్ కాదు. జవాబులు ఆ యూనివర్సిటీ సిబ్బంది సిద్ధం చేసినవి. తెలియని ప్రశ్న వస్తే మనిషికి పంపేవాళ్లు. మా పిల్లల ఫోన్లలో ఉన్నదాని వెనక అలాంటి మనిషెవరూ లేరు. ఆ కాలేజీ గడువు తేదీ దానికి తెలీదు. అయినా తెలిసినట్టే చెప్తుంది.

460 కాదు సార్, 25!

తెలిసినట్టే చెప్తుందని నేను చెప్తే వాళ్లు నమ్మాలా? అక్కర్లేదు. అందుకే రెండోసారి వెళ్లినప్పుడు ఓ పని పెట్టా. ‘మీ ఊరి గురించి మీకు బాగా తెలిసిన ఐదు ప్రశ్నలు ఏఐని అడగండి. తప్పయితే ఎర్ర ఇంకు, ఒప్పయితే నీలం ఇంకు.’

ఐదు నిమిషాల్లో క్లాసంతా ఒకటే నవ్వులు. డొంకరాయి కుర్రాడొకడు లేచాడు. వాళ్ల నాన్న పవర్ కాలువ మీద పనిచేస్తాడు. ‘డొంకరాయి పవర్‌హౌస్ 460 మెగావాట్లట సార్! అది పొల్లూరుది. మాది 25. పైగా డ్యామ్ గోదావరి మీద ఉందంట!’ మా సీలేరు శబరిలో కలుస్తుంది, శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. అంటే డ్యామ్‌ని ఏకంగా రెండు నదుల అవతలికి మోసుకెళ్లి పెట్టింది. ఇంకో అమ్మాయికి వాళ్ల ఊరి సంత లేని రోజున ఉందని చెప్పింది. మరొకడికి వాళ్ల గూడేనికి రైల్వే స్టేషన్ కూడా ఇచ్చేసింది!

అప్పుడు చెప్పా, ఎందుకిలా అవుతుందో. ఈ యంత్రం ఎక్కడో రాసిపెట్టిన నిజాన్ని వెతికి తీసుకురావట్లేదు. చదివిన కోట్ల పేజీల్ని బట్టి, ఈ మాట తర్వాత ఏ మాట వస్తే బాగుంటుందో లెక్కేసి పేరుస్తోంది. వెబ్‌లో వెతికి చెప్పేవి కూడా దొరికిన పేజీల్నే అలా పేరుస్తాయి. హైదరాబాద్ గురించి లక్షల పేజీలున్నాయి కాబట్టి పెద్దగా తడబడదు. డొంకరాయి గురించి ఉన్నవి కాసిని. ‘సీలేరు’ పక్కన ‘460’ ఎక్కువసార్లు కనబడి ఉంటుంది, అదే అతికించింది. అబద్ధం చెప్పాలని కాదు. ఖాళీ ఉంచడం దానికి చేతకాదు.

ఆరోజు పిల్లల మొహాలు చూడాల్సింది. నగరం నుంచి వచ్చిన ప్రతిదీ తమకన్నా తెలివైనదే అనుకుంటూ పెరిగినవాళ్లు, మొదటిసారి ఒక పెద్ద యంత్రం పేపర్ దిద్ది, ఎర్ర ఇంకుతో సున్నాలు చుట్టారు.

కానీ అక్కడే అసలు చిక్కు కూడా బయటపడింది. మా ఫ్రెండ్ ఎకనామిక్స్ చెప్తాడు. వాడు బోర్డు మీద ‘ద్రవ్యోల్బణం’ అని రాసి, ‘ఇప్పుడు దీని గురించి అడిగి, తప్పులు పట్టండి చూద్దాం’ అన్నాడు. ఒక్కరూ పట్టలేదు. ఎర్ర ఇంకు పెన్నులన్నీ మూతలు పెట్టేశారు. డొంకరాయి వాళ్లకి తెలుసు కాబట్టి తప్పు దొరికింది. ద్రవ్యోల్బణం ఇంకా నేర్చుకోలేదు కాబట్టి ఏది చెప్పినా ఒప్పే. మరి అక్కడ ఎర్ర ఇంకు ఎవరి చేతిలో ఉండాలి? సారు చేతిలోనే కదా!

జవాబొద్దు, దారి చూపించు

దీని మీద ఓ మంచి అధ్యయనం ఉంది. టర్కీలో దాదాపు వెయ్యి మంది హైస్కూల్ పిల్లలతో పెన్సిల్వేనియా యూనివర్సిటీ పరిశోధకులు చేశారు. లెక్కలు చేసేటప్పుడు కొందరికి మామూలు చాట్‌బాట్ ఇచ్చారు. కొందరికి నేరుగా జవాబు చెప్పకుండా సూచనలు మాత్రమే ఇచ్చే చాట్‌బాట్ ఇచ్చారు. కొందరికి ఏమీ ఇవ్వలేదు.

ప్రాక్టీసులో మామూలు చాట్‌బాట్ వాడినవాళ్లు 48 శాతం, సూచనల చాట్‌బాట్ వాడినవాళ్లు 127 శాతం మెరుగ్గా చేశారు. తర్వాత చాట్‌బాట్ తీసేసి పరీక్ష పెట్టారు. మామూలు చాట్‌బాట్ వాడినవాళ్లు, అసలేమీ వాడనివాళ్లకన్నా 17 శాతం వెనకబడ్డారు. సూచనల చాట్‌బాట్ వాడినవాళ్లకి మాత్రం ఆ నష్టం పెద్దగా కనిపించలేదు. ఇంకో సంగతి, ఆ సూచనల చాట్‌బాట్‌కి ఏ లెక్కలో పిల్లలు ఎక్కడ తప్పు చేస్తారో, ఎలా దారి చూపాలో ముందే చెప్పిపెట్టింది టీచర్లే.

ఇది విన్నాక మా ఫ్రెండ్ ఓ పని చేశాడు. ఏఐ నిషేధం అనే మాట తీసేశాడు. బోర్డు మీద మూడు వాక్యాలు రాసి, ఏది అడిగినా ముందు ఇవి టైప్ చేయమన్నాడు. ‘నాకు జవాబు చెప్పకు. నేను రాసినదాంట్లో ఎక్కడ తప్పు చేశానో మాత్రం చెప్పు. తర్వాతి మెట్టు నన్నే ఆలోచించనివ్వు.’

పిల్లలందరూ పాటిస్తున్నారా? లేదు. రేపు పొద్దున అసైన్‌మెంట్ ఇవ్వాలంటే ఎవడికి ఓపిక! కానీ వాడిచ్చే మార్కులు మారాయి. ఇప్పుడు రాసిన కాగితానికి సగమే. మిగతా సగం, రాసినదాని గురించి వాడు అడిగే రెండు ప్రశ్నలకి. సొంతంగా ఆలోచించినవాళ్లు తెలుగులో, వాళ్ల యాసలో, టకటకా చెప్పేస్తున్నారు. కాపీ కొట్టినవాళ్లు ఫ్యాన్ వైపు చూస్తున్నారు.

మూడు గూడేలు, ఒకటే రిపోర్టు

మన రాష్ట్రంలో డిగ్రీ చదివేవాళ్లకి కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు అని ఒకటుంది. 2020-21లో మారిన సిలబస్‌తో వచ్చింది. ఊళ్లోకి వెళ్లి, సర్వే చేసి, సమస్య తెలుసుకుని, రిపోర్టు రాయాలి. మొత్తం 180 గంటల పని. మంచి ఆలోచన. ఏఐ వచ్చాక దాని గతి ఏమైందో ఊహించండి!

మా ఫ్రెండ్ మూడు రిపోర్టులు చూపించాడు. మూడు వేర్వేరు గూడేలవి. మూడింట్లోనూ ఒకటే సమస్య. ‘గ్రామస్తులు బోరుబావి నీటిపై ఆధారపడుతున్నారు. ఓవర్‌హెడ్ ట్యాంకును క్రమం తప్పకుండా శుభ్రపరచాలి.’ వాక్యాలు చక్కగా ఉన్నాయి. ఒకటే ఇబ్బంది, ఆ మూడింట్లో రెండు గూడేలకి బోరూ లేదు, ట్యాంకూ లేదు. కొండ ఊట నీళ్లే తాగుతారు. ఊట తగ్గితే వాగులో చలమ తవ్వుకుంటారు.

ఇక్కడ నష్టం మార్కులది కాదు. రేపు ఎవరో ఒక ఆఫీసర్ ఆ రిపోర్టు చదివితే, ఆ గూడేనికి ట్యాంకు ఉన్నట్టే లెక్క. నిజంగా ఎండాకాలంలో నీళ్లెండిపోయే గూడెం కాగితం మీద మాయమైపోతుంది. యంత్రానికి తెలియని ఊరిని, ఆ ఊరి పిల్లాడే తెలియకుండా చేసేశాడు.

ఈసారి బ్యాచ్‌కి వరస తిప్పాం. ముందు కాళ్లు, తర్వాత కాగితం, ఆఖర్న ఏఐ. డొంకరాయికి పైనున్న ఓ గూడేనికి నలుగురు పిల్లలు నడిచి వెళ్లారు. నేనూ వాళ్లతో పోయా. ఫోన్లో సిగ్నల్ లేదు, అదే మంచిదైంది. ఇంటింటికీ వెళ్లి మూడే అడిగారు. నీళ్లు ఎక్కణ్నుంచి? ఏ నెలలో తగ్గుతాయి? తగ్గితే ఎంత దూరం వెళ్తారు? ఓ ముసలమ్మ వాళ్లని లోపల కూర్చోబెట్టి, ఏ ఊట ఏ వానాకాలం తర్వాత పక్కకి జరిగిందో, ఏ చెట్టు కొట్టాక ఏ ఊట చచ్చిపోయిందో వరసపెట్టి చెప్పింది. ఇది ఏ వెబ్‌సైట్లోనూ లేదు. ఏ మోడలూ చదవలేదు.

కిందికొచ్చాక ఏఐని తెరిచాం. పిల్లలు తెలుగులో రాసుకున్న చిందరవందర నోట్సుని పట్టికగా చేయడానికి. నెలల వారీ లెక్క తీయడానికి. ఇంగ్లిష్ వెర్షన్ రాయడానికి. ఇక్కడ అది బ్రహ్మాండంగా పనిచేసింది. రెండ్రోజుల పని అరగంటలో అయిపోయింది. అది ‘బావి’ అని రాసిన రెండు చోట్ల ‘ఊట’ అని దిద్దింది కూడా ఆ నలుగుర్లో ఒకడే. నాకు తెలిసి క్లాసులో ఏఐ వాడకమంటే ఇదే. విషయం మనిషిది, మోత యంత్రానిది, చివరి సంతకం మళ్లీ మనిషిది.

మా మాటకి చోటెక్కడ?

ఇక భాష సంగతి. ఏఐ మన వాక్యాన్ని ముక్కలు చేసుకుని చదువుతుంది. ఆ ముక్కని టోకెన్ అంటారు. ఎన్ని ఎక్కువ ముక్కలైతే అంత ఖర్చు, అంత నెమ్మది. 2024 మేలో జీపీటీ-4ఓ విడుదల చేసినప్పుడు ఓపెన్‌ఏఐ తనే ఒక పోలిక చూపించింది. ఓ చిన్న పరిచయ వాక్యం ఇంగ్లిష్‌లో 27 ముక్కలయ్యేది, అదే తెలుగులో 159 అయ్యేది! కొత్తదాంట్లో ఇంగ్లిష్ 24కి, తెలుగు 45కి దిగాయి. చాలా మెరుగు. అయినా ఇంకా దాదాపు రెట్టింపే. అదే ఏడాది జూన్‌లో గూగుల్ జెమినై యాప్ కూడా తెలుగుతో సహా తొమ్మిది భారతీయ భాషల్లో వచ్చింది. మా పిల్లలు టైప్ చేయడం మానేసి మాట్లాడ్డం మొదలుపెట్టింది ఇలాంటివి వచ్చాకే.

కానీ క్లాసులో తెలుగు అందరి ఇంటి భాషా కాదు. కొండరెడ్ల పిల్లలది తెలుగే, వాళ్ల యాస వేరు. కోయ పిల్లలు ఇంట్లో కోయ మాట్లాడతారు. కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ 2025 సెప్టెంబర్‌లో ‘ఆది వాణి’ అనే ఏఐ అనువాద యాప్‌ని తెచ్చింది. మొదటి విడతలో సంతాలీ, భీలీ, ముండారీ, గోండీ ఉన్నాయి. కుయి, గారో తర్వాత అన్నారు. గోండీకి దగ్గరి చుట్టమైన కోయ ఆ మొదటి జాబితాలో లేదు.

ఇది చెప్తే ఓ కోయ అమ్మాయి, ‘మేం మాట్లాడి రికార్డు చేసిస్తే అది నేర్చుకుంటుందా అన్నా?’ అంది. నేర్చుకుంటుంది. కానీ ఆ రికార్డు ఎవరిదవుతుంది, దాంతో ఎవరు డబ్బు చేసుకుంటారు అన్నది ముందే అడగాలని కూడా చెప్పా. మా కొండల్లో పుట్టిన కరెంటు ముందు కింది ఊళ్లకి వెళ్లి, పై గూడేలకి ఎంత ఆలస్యంగా వచ్చిందో ఆ పిల్లకి నేను చెప్పక్కర్లేదు.

సారు పోస్టు సంగతేంటి?

2025లో ఫ్రీ ఆఫర్లు వరదలా వచ్చాయి. ఎయిర్‌టెల్ వాళ్లకి పర్‌ప్లెక్సిటీ ప్రో ఏడాది ఫ్రీ. జియో వాళ్లకి జెమినై ప్రో పద్దెనిమిది నెలలు ఫ్రీ. నవంబర్‌లో చాట్‌జీపీటీ గో ఏడాది ఫ్రీ. పిల్లలకి పండగే. కానీ ఫ్రీ అయిపోయిన నెల గురించి కూడా ఆలోచించాలి. అప్పటికి సొంతంగా ఓ పేరా రాయడం మర్చిపోయి ఉంటే, ఆ నెల రీఛార్జికి ఎవరి దగ్గర చేయి చాపాలి?

అంతకన్నా నన్ను భయపెట్టిన మాట ఇంకోటుంది. ఓ మీటింగ్‌లో ఒకాయన, పేరొద్దులెండి, మా ఫ్రెండ్ ముందే అన్నాడట. ‘ఇంక ఈ గెస్ట్ ఫ్యాకల్టీ ఎందుకండీ, ఓ స్మార్ట్ బోర్డు పెట్టి ఏఐతో చెప్పించేస్తే సరి!’ అందరూ నవ్వారట. వీడు నవ్వలేదు. ఏటేటా రెన్యువల్ కోసం ఎదురుచూసేవాడికి అందులో జోకేం కనబడుతుంది?

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ని. ఏఐ వల్ల ఏ పని పోతుందో, ఏది పోదో రోజూ చూస్తున్నా. మా టీముల్లో కొత్తగా చేరినవాళ్లకి ఇచ్చే చిన్నచిన్న పనులు ఇప్పుడు ఏఐ చేసేస్తోంది. నిలబడుతున్నది, అది చేసినదాంట్లో తప్పు పట్టగలిగినవాళ్లే. తప్పు పట్టడం ఎవరో నేర్పితేనే వస్తుంది. 2020లోనే అమెరికాలో అరిజోనాలోని మారికోపా కమ్యూనిటీ కాలేజీలు ఇంటెల్‌తో కలిసి రెండేళ్ల ఏఐ కోర్సు పెట్టాయి. అక్కడ కూడా ఆ కోర్సు చెప్పే టీచర్లకి శిక్షణ ఏర్పాటు చేశారు. బోర్డు కొనేసి ఊరుకోలేదు.

అందుకే నా మాట ఒకటే. సారు ఉన్న క్లాసులో ఏఐ మంచి పనిముట్టు. సారు లేని క్లాసులో అది ఖాళీని ఖాళీలా కనబడనివ్వని పరదా. ఊళ్లో అందరికీ ఫోనుంది, నెట్టుంది, ఏఐ ఉంది కాబట్టి చదువు అందినట్టే అని లెక్క రాసేస్తారు. ఓవర్‌హెడ్ ట్యాంకు ఉన్నట్టు రిపోర్టు రాసినట్టే.

ముందు పోస్టులు నింపండి. తర్వాత ఆ సార్లకే ఏఐ నేర్పండి, వాళ్లే పిల్లలకి నేర్పుతారు. సిగ్నల్ లేని చోటికి నెట్ లేకుండా ఫోన్లోనే నడిచే చిన్న మోడళ్లు కూడా వచ్చేశాయి, 2025లో గూగుల్ ఇచ్చిన గెమ్మా 3ఎన్ లాంటివి. వాటిని పెట్టిచూడొచ్చు. కొండల్లో కాలేజీకి ఇది పెద్ద ఖర్చూ కాదు.

ఇక ఇది ఫోన్లో చదువుతున్న మీకు. మీది డొంకరాయి కాకపోవచ్చు, అమలాపురమో ఆదిలాబాదో కావచ్చు. ఇవాళ రాత్రి మీ ఏఐని మీ ఊరి గురించి ఐదు ప్రశ్నలడగండి. మీ వాగు పేరు, మీ సంత రోజు, మీ బడి కట్టిన కథ. ఎర్ర ఇంకు పెన్ను పక్కన పెట్టుకోండి. రేపు ఆ కాగితం పట్టుకెళ్లి మీ సార్‌కో, మేడమ్‌కో చూపించండి. ‘ఇవి నేను పట్టిన తప్పులు. మీ సబ్జెక్టులో నేను పట్టలేనివి మీరు చూపిస్తారా?’ అని అడగండి.

‘ఇది కూడా తెలీదా’ అనరు. నాది హామీ.